మూడో పిలుపు

ఏ పేరునైనా ఆమె రెండుసార్లు పిలిచేది. మొదటిసారి మామూలుగా, రెండోసారి చివరి అక్షరాన్ని కొంచెం సాగదీసి. అప్పటికీ ఎవరూ లేవకపోతే ఆ చీటీని దొంతరలో అడుక్కి తోసి తర్వాతిది అందుకునేది. ఆస్పత్రి హాల్లో బెంచీల మీద కూర్చున్నవాళ్లకు ఆమె ముఖం కనిపించదు. అద్దం మీద అతికించిన నోటీసుల సందులోంచి ఒక నుదురూ, మైకుకు చుట్టిన తెల్ల రుమాలూ కనిపిస్తాయంతే. ఆ రుమాలు ఆమె సొంతం. అది లేకపోతే 'ప'తోనూ 'భ'తోనూ మొదలయ్యే పేర్లు స్పీకర్లో పేలిపోతాయి, చంటిపిల్లలు ఉలిక్కిపడి ఏడుస్తారు.

'ఆ'తో ముగిసే పేరు హాలు చివర నీళ్ల డ్రమ్ముదాకా వెళుతుంది. 'ఉ'తో ముగిసేది మధ్య బెంచీల దగ్గరే కూలబడుతుంది. ఇవి ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఎవరికీ చెప్పే అవసరమూ రాలేదు.

ఆ మంగళవారం ఒక చీటీ మీద 'అనసూర్యమ్మ' అని ఉంది. అనసూయను అలా రాసేవాళ్లూ, అలా పలికేవాళ్లూ ఉన్నారు. 'అనుసూయ' అని కూడా వస్తుంటుంది. ఎలా వచ్చినా ఆ చీటీ దగ్గర ఆమె చెయ్యి రెప్పపాటు ఆగేది, ఎందుకంటే అది ఆమె పేరు కూడా. తన పేరును తనే మైకులో పిలిచి, ఇంకెవరో లేచి రావడం చూడటం ఆమెకు అలవాటే. అయినా ప్రతిసారీ, తాను నిలబడాల్సిన వరసలో మరొకరు నిలబడ్డట్టు ఉండేది.

రెండుసార్లు పిలిచింది. ఎవరూ రాలేదు. చీటీ అడుక్కి వెళ్లింది. దొంతర తరిగి అది మళ్లీ పైకి వచ్చినప్పుడు ఇంకోసారి పిలిచింది. అప్పుడు గోడవారగా ఉన్న బెంచీ మీదనుంచి, కంటికి కట్టు కట్టుకున్న ఒక ముసలావిడ నింపాదిగా లేచి వచ్చింది.

"వినపడలేదా అమ్మా? ఇందాకే పిలిచాను."

"పిలిచావుగా," అని నవ్వి, చీటీ తీసుకుని కళ్ల డాక్టరు గది వైపు వెళ్లిపోయింది ముసలావిడ.

సాయంత్రం మందుల కౌంటర్ ఆయన షట్టర్ దించుతూ, "మైకమ్మగారూ, గొంతు బొంగురుపోయింది. వేడినీళ్లు పుక్కిలించండి. ఇంకా ముదిరితే మీ చీటీ మీరే పిలుచుకోవాల్సొస్తుంది," అన్నాడు. అందరూ నవ్వే మాటే. ఆమె కూడా నవ్వింది. రుమాలు విప్పి మడిచి సంచిలో పెట్టుకుని తమ్ముడింటికి బయల్దేరింది.

తమ్ముడు తలుపు తీస్తూనే అన్నాడు: "అక్కా, పిల్లకి పేరు కుదిరిపోయింది. నానమ్మ పేరు."

ఆమె చెప్పులు విప్పుకోవడానికి వంగి ఉంది. అలాగే ఉండిపోయింది. "ఏ నానమ్మ?"

"మనకెంతమంది నానమ్మలున్నారేంటి? అనసూయ."

ఆమె నిటారుగా నిలబడి వాడి ముఖంలోకి చూసింది. ఆ మాట తర్వాత ఇంకో మాట రావాలి. 'నీ పేరు కూడా అదే కదా, నీకేం పర్లేదుగా' అని గానీ, 'ఇంకో అనసూయ తయారైంది చూడు' అని గానీ. తమ్ముడు ఆమె చేతిలోంచి పళ్ల సంచి అందుకుని, "ఇవెందుక్కా, ఉన్నవే కుళ్లిపోతున్నాయి," అంటూ లోపలికి నడిచాడు.

వాడి ముఖంలో దాపరికమేమీ లేదు. అదే ఆమెకు ఎక్కువ గుచ్చుకుంది. మరచిపోవాలన్నా ముందు తెలిసుండాలి. చిన్నప్పటి ఇంట్లో అనసూయ అంటే ఒక్క మనిషే, వసారాలో కుర్చీ వేసుకుని కూర్చునే నానమ్మ. ఆ పేరు పెట్టి 'ఎక్కడ చచ్చావే' అని కూతుర్ని పిలవడానికి అమ్మకు నోరెలా వస్తుంది, అత్తగారు వింటూండగా? అందుకని 'పాపా' అంది. నానమ్మ పోయాక కూడా పాపే. అమ్మతోపాటు ఆ పిలుపూ పోయింది. తమ్ముడికి అక్క. మరదలికి వదిన. ఆస్పత్రిలో మైకమ్మ. ఇంటి ఓనరుకు 'పై గదావిడ'.

"మరీ పాతకాలం పేరని నేనన్నాను వదినా," అంది మరదలు, పసిపిల్లను భుజం మీద వేసుకుని వీపు నిమురుతూ. "ఈయన వింటేగా. మరి ఎలా రాయాలో, ఏమని పిలవాలో నేనే చూస్తానన్నాను, సరేనన్నారు. మీరు రోజూ పేర్లతోనే కదా బతికేది, మీరే చెప్పాలి. మీ చెయ్యి మంచిదో కాదో గానీ మీ నోరు మంచిది." ఫోను తీసి చదవసాగింది. "అనసూయ అని రాయొచ్చట, అనుసూయ అనొచ్చట. ముద్దుపేర్లు ఇవిగో. అనూ. అన్సీ. సూయీ."

"అన్సీ అంటే దగ్గుమందులా ఉంది," అన్నాడు తమ్ముడు.

"సూయీ?"

"ఎవరో తుమ్మబోయి ఆగిపోయినట్టుంది."

"మీరాగండి. నానమ్మ పేరు పెట్టుకున్నారు, చాలు. మీరు చెప్పండి వదినా."

మరదలు పిల్లను ఆమె ఒళ్లో పడుకోబెట్టింది. బరువు లేని బరువు. పసిదాని పిడికిలి విచ్చుకుని ఆమె చీర అంచును పట్టుకుంది, ఏమీ తెలియకుండా, చేతికి ఏది తగిలితే అది పట్టుకోవడమే దాని పని. ఆమె ఆ వేళ్ల వైపు చూస్తూ నెమ్మదిగా మాట్లాడింది. ఆ గొంతు తన గొంతులా లేదని మాట్లాడుతూండగానే ఆమెకు తెలిసింది.

"పెద్ద పేర్లు పిలుపులో నలిగిపోతాయి. ఎవరూ పూర్తిగా పిలవరు. అనూ అని పెట్టండి. రికార్డుల్లో కూడా అదే రాయించండి."

"రికార్డుల్లో కూడానా?" తమ్ముడి ముఖం చిన్నబోయింది.

"రాసేదొకటీ పిలిచేదొకటీ అయితే మా హాల్లో మనుషులు లేచి రారు. తమ పేరని వాళ్లకే తోచదు."

అందులో అబద్ధం సగమే. మిగతా సగం ఆమె ఎన్నో ఏళ్లుగా చూస్తున్నదే. అందుకే ఇద్దరూ నమ్మారు.

"అయితే ఆదివారం భోజనానికి రా అక్కా. ఆ రోజు తేల్చేద్దాం. సోమవారం పొద్దున్నే మున్సిపాలిటీ ఆఫీసులో పేరు ఇచ్చేయాలి," అన్నాడు తమ్ముడు. మరదలు అప్పుడే పిల్ల బుగ్గ మీద వేలు పెట్టి, "అనూ, ఏయ్ అనూ," అంటోంది.

మెట్లు దిగుతూ ఆమె తనలో కదిలినదాన్ని పరీక్షగా చూసుకుంది. అది సంతోషమే. చిన్నది, కాస్త నీచమైనది కూడా. నాలుగక్షరాలు ఎవరికీ ఇవ్వకుండా వెనక్కి తెచ్చుకుంటోంది.

గదిలో ఆమె రుమాలు ఉతికి కిటికీ తీగ మీద ఆరేసింది. వేడినీళ్లు పుక్కిలించింది. మామూలుగా ఆస్పత్రి నుంచి వచ్చాక ఆమె మళ్లీ పొద్దున్నదాకా ఒక్క మాటా మాట్లాడదు. మాట్లాడటానికి ఎవరూ లేరు, గొంతుకూ విశ్రాంతే. సెలవు రోజుల్లో మాత్రం గొంతు ఉందో లేదో చూసుకోవడానికి పాలు పోసే మనిషితో అక్కర్లేని మాట ఒకటి కల్పించుకుని మాట్లాడేది.

ఆ రాత్రి గిన్నెలో బియ్యం కడుగుతూ ఆగి, తన పేరును తనే పైకి అంది. హాల్లో పిలిచినట్టే వచ్చింది, చివరి అక్షరం సాగి, గోడకు తగిలి. ఇంకోసారి మెల్లగా ప్రయత్నించింది. అదీ మైకు గొంతే. అమ్మ 'పాపా' అన్నప్పుడు చేతిలో ఉన్న పని దానంతటదే ఆగిపోయేది, మెడ తిరిగేది. ఇప్పుడు ఏదీ తిరగలేదు. పిలిచేదీ తనే అయినప్పుడు పలికేదెవరు?

గిన్నెలో నీళ్లు తెల్లగా మారాయి. తన పేరు తాళం వేసిన సొరుగులా తోచింది ఆమెకు. తాళం చెవి జాగ్రత్తగా దాచుకుంటుంది, ఎవరైనా చెయ్యి వేయబోతే అదిరిపడుతుంది. తెరిచి చూస్తే మాత్రం అందులో వేసిన కాగితం అలాగే ఉంటుంది, ఏ వస్తువూ పెట్టిన గుర్తు లేకుండా. ఆ పోలిక ఆమెకు నచ్చలేదు. బియ్యం కడిగిన నీళ్లు వంచి పొయ్యి వెలిగించింది.

శుక్రవారం ముసలావిడ మళ్లీ వచ్చింది. కట్టు ఈసారి చిన్నది.

చీటీ పైకి రాగానే ఆమె నోటీసుల సందులోంచి గోడవార బెంచీ వైపు చూస్తూ పిలిచింది. "అనసూర్యమ్మ."

ముసలావిడ తల వెంటనే లేచింది. విన్నది, అందులో అనుమానమేమీ లేదు. అయినా లేవలేదు. కొంగు సర్దుకుని, రెండు చేతులూ ఒళ్లో ఒకదాని మీద ఒకటి పెట్టుకుని కూర్చుంది. పెదవులు ఏదో అనుకున్నట్టు కదిలాయి.

"అనసూర్యమ్మా..."

కట్టు లేని కన్ను మూసుకుంది. చలికాలపు ఎండలో కూర్చున్న మనిషి ముఖంలా ఉంది ఆ ముఖం. పక్కనున్నామె మోచేత్తో పొడిచి ఏదో చెప్పింది. ముసలావిడ తలూపింది గానీ కదల్లేదు.

చీటీ అడుక్కి వెళ్లాల్సిన సమయం. దాన్ని పట్టుకున్న చెయ్యి ఆగింది. ఎప్పుడూ చేయని పని చేసింది ఆమె. వెంటనే మూడోసారి పిలిచింది.

అప్పుడు లేచింది ముసలావిడ. అద్దం దగ్గరికి వచ్చి చెయ్యి చాపింది. ఆమె చీటీ వదల్లేదు.

"మీకు వినపడుతూనే ఉంది కదమ్మా?"

"వినపడకేం. చెవులు ఇత్తడి గంటల్లా ఉన్నాయి. పాడైంది కన్నేగా."

"మరి లేవరేం? వెనకొచ్చినవాళ్లు ముందెళ్లిపోతున్నారు."

"పోనీవమ్మా, వాళ్లకి ఇళ్ల దగ్గర పనులుంటాయి." ముసలావిడ కిటికీ గట్టు మీద మోచేతులు ఆనించింది. "ఇంట్లో కోడలు అత్తయ్యా అంటుంది, పిల్లలు నానమ్మా అంటారు. ఆయన ఉన్నన్నాళ్లూ 'ఏమేవ్' అన్నాడు. మంచాయనే, పాపం, పేరొక్కటీ నోరు తిరగలేదు. పేరు పెట్టి పిలిచేవాళ్లు ఒకళ్ల తర్వాత ఒకళ్లు వెళ్లిపోయారు. ఇక్కడ నువ్వు పిలుస్తావు. అదీ ఇంత పెద్ద హాల్లో, ఇంతమంది వినేలా. ఒక్క పిలుపుకే లేచొచ్చేస్తే ఇంక నాకేం మిగిలింది చెప్పు?"

ఆమె చేతిలోని చీటీ వైపు చూసింది. "అసలు పేరు అనసూయ కదా. చీటీలో తప్పు రాశారేమో, మార్పించనా?"

"ఎందుకు? మా అమ్మ అనసూర్యా అనే అరిచేది, వీధి చివరిదాకా వినపడేది. మా అక్క అన్సూ అనేది. బళ్లో ఇంకోలా రాశారు. రాసినవాళ్ల గొడవ రాసినవాళ్లది. నాకు పిలిస్తే చాలు." ముసలావిడ అద్దం సందులోంచి లోపలికి తొంగిచూసింది. "నీ పేరేంటమ్మాయ్?"

"మైకమ్మ అంటారు."

"అది కుర్చీ పేరు. రేపు నువ్వు లేస్తే అందులో కూర్చున్న వాళ్లనీ అదే అంటారు. నీ పేరేంటి?"

ఆమె నోరు తెరిచింది. ఇన్ని వేల పేర్లు బయటికి పంపిన నోరు. వెనకనుంచి ఒకాయన, "ఏవండీ, మీ కబుర్లయితే మా వాళ్లని పిలుస్తారా? అవతల బస్సుంది," అన్నాడు. ముసలావిడ వెనక్కి తిరిగి, "వస్తుందిలే నాయనా బస్సు, అదెక్కడికి పోతుంది," అని చీటీ లాక్కుని వెళ్లిపోయింది. జవాబు ఆమె నోట్లోనే మిగిలింది. నాలుక కింద మాత్ర కరిగినట్టు చేదుగా మిగిలింది.

మధ్యాహ్నమంతా ఆమె ప్రతి పేరునూ మూడోసారి కూడా పిలిచింది. మందుల కౌంటర్ ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏంటండీ మైకమ్మగారూ, ఇవాళ ఉచితంగా ఇంకోటి ఇస్తున్నారు?" అన్నాడు. పిలుపు విన్నా లేవనివాళ్లు ఇంకా ఎవరైనా ఉన్నారేమోనని ఆమె బెంచీల వైపే చూస్తూంది. కొందరు నిజంగానే నిద్రపోతున్నారు. కొందరి సంగతి ఏమో, చెప్పలేం.

ఆదివారం భోజనాలయ్యాయి. తమ్ముడు బల్ల మీద మెతుకులు గుడ్డతో తుడుస్తున్నాడు. పసిపిల్ల చాప మీద వెల్లకిలా పడుకుని తిరిగే ఫ్యాను వైపు కాళ్లు తన్నుతోంది.

"అలవాటైపోయింది వదినా," అంది మరదలు. "అనూ అంటే ఇటే చూస్తోంది. చూడండి. అనూ!"

పిల్ల ఫ్యాను వైపే చూసింది.

"ఇందాక చూసింది," అంది మరదలు.

"అది తీసేయండి," అంది ఆమె. "పూర్తి పేరే పెట్టండి. అనసూయ. ఎలా కావాలంటే అలా రాసుకోండి గానీ, పిలిచేది మాత్రం పూర్తిగా పిలవండి."

తమ్ముడి చేతిలో గుడ్డ ఆగింది. "మొన్న నువ్వే కదక్కా, పెద్ద పేర్లు నలిగిపోతాయన్నావు?"

"మొన్న స్వార్థం కొద్దీ చెప్పాను."

"నీకు ఇందులో స్వార్థమేంటి?"

ఆమె మంచినీళ్ల గ్లాసు పక్కకి జరిపింది. చెప్పడం అనుకున్నంత కష్టంగా లేదు, ఎవరి చీటీయో చదివినట్టే ఉంది. "అది నా పేరు."

తమ్ముడు నవ్వాడు. "నీ పేరా? నీ పేరు..."

నోరు అలాగే ఉండిపోయింది. ఆ చూపు ఆమె ఎరుగున్నదే. పెద్దవాళ్లను ఆస్పత్రికి తీసుకొచ్చిన కొడుకులు, రోగి పేరు చెప్పమంటే కిటికీ దగ్గర అలాగే నిలబడిపోతారు. అమ్మ అని తెలుసు, ఏ మందులు వేసుకుంటుందో తెలుసు, పేరు దగ్గర కళ్లు పైకి తేలేస్తారు. వాళ్లు చెడ్డవాళ్లేమీ కారు. తమ్ముడి ముఖం చెవుల దాకా ఎరుపెక్కింది.

"తెలుసక్కా. నాకు తెలీకపోవడమేంటి? కానీ అమ్మ నిన్ను..."

"పాపా అనేది."

"అవును. అనసూయంటే నానమ్మేగా ఎప్పుడూ. నాకసలు..."

"నాకైతే ఇన్నాళ్లుగా నిజంగా తెలీదు వదినా," అంది మరదలు చిన్న గొంతుతో. "నా ఫోన్లో మీరు వదినగారు అనే ఉన్నారు."

"నా ఫోన్లో అక్క అని," అన్నాడు తమ్ముడు, అది తన తరఫు సాక్ష్యమైనట్టు. చెప్పాక దాని అర్థం వాడికే తెలిసి తల దించుకున్నాడు. మళ్లీ బల్ల తుడుస్తూ, "వేరే పేరు చూద్దాంలే. సోమవారం కాకపోతే మంగళవారం ఇస్తాం. కొంపలేం మునగవు," అన్నాడు.

"వద్దు. ఇదే పెట్టు."

"మీకేం అనిపించదా వదినా?" మరదలు సూటిగా అడిగింది. ఈ ఇంట్లో సూటిగా అడిగేది ఆ అమ్మాయే.

"అనిపిస్తుంది," అంది ఆమె. "అయినా పెట్టండి. నా దగ్గర ఊరికే పడుంది. ఇంట్లో ఇద్దరు అనసూయలుండటం కొత్తేం కాదు. అప్పుడు ఒకరి కోసం ఇంకొకరిది నొక్కేశారు. ఈసారి..."

ఈసారి ఏం కావాలో ఆమెకు తెలుసు గానీ, అది అడిగి పుచ్చుకునే వస్తువు కాదు. మాట అక్కడే వదిలేసి, బల్ల మీద ఉన్న పాలసీసాలు ఏరుకుని వంటగదిలోకి వెళ్లింది.

సీసా లోపలికి బ్రష్షు దూర్చి తిప్పింది. అడుగున పాలు తెల్లటి వలయంలా అంటుకుని ఉన్నాయి. కుళాయి సన్నగా తిప్పి పెట్టింది. ముందుగదిలో మాటలు గుసగుసల్లోకి దిగాయి, తర్వాత అవీ ఆగాయి. పిల్ల రాగం తీసింది. మరదలు దాన్ని ఎత్తుకున్నట్టుంది.

"అనసూయా," అంటోంది మరదలు. ముందు బెరుగ్గా, తర్వాత ముద్దుగా. "ఓ అనసూయా. ఏంటమ్మా అనసూయా."

ఆమె భుజాలు బిగుసుకున్నాయి. అది తనకు కాదు. తనకు కాదని తెలియడానికి ఒక క్షణం పట్టింది, ఆ క్షణం సూదిలా దిగింది. తర్వాత మెల్లగా ఊపిరి వదిలింది. 'ఆ'తో ముగిసే పేరు. గోడ దాటి, తలుపు దాటి, కుళాయి చప్పుడు దాటి చక్కగా వచ్చింది. పిల్ల ఏడుపు ఆపింది. మంచి పేరే, అనుకుంది ఆమె. పిలిస్తే ఇలా ఉంటుందని తెలియలేదు.

రెండో సీసా అందుకుంది. గుమ్మం దగ్గర అడుగుల చప్పుడు వచ్చి ఆగింది. తమ్ముడు. గిన్నె కావాలనో, ఇక చాలు వదిలేయమనో అనడానికి వచ్చి ఉంటాడు. గొంతు సవరించుకున్నాడు.

"అనసూయ... అక్కా," అన్నాడు చివరికి.

పేరుకూ వరసకూ మధ్య తడబడ్డాడు, పరాయివాళ్ల చీటీ మొదటిసారి చదువుతున్నవాడిలా. నలభై ఏళ్లు దాటిన గొంతు, చిన్నప్పుడు తలుపు వెనకనుంచి ఏదో అడగడానికి వచ్చినప్పటిలా వణికింది.

ఆమె విన్నది. కుళాయి చప్పుడు అంత పెద్దదేం కాదు. సబ్బు నురగ మోచేతిదాకా జారుతోంది. బ్రష్షు తిప్పే చెయ్యి దానంతటదే ఆగిపోయింది. మెడ తిరగబోయింది, ఆపుకుంది.

"అనసూయక్కా."

ఈసారి అతుకు జాడే లేదు. చివరి అక్షరం కాస్త సాగింది కూడా.

ఆమె కుళాయి కట్టేసింది. రెండుసార్లయింది. తన హాల్లో అయితే ఇక చీటీ అడుక్కి వెళ్లిపోతుంది. ఆ సంగతి వాడికి తెలియదు. బోర్లించిన సీసా అంచున ఒక నీటిబొట్టు కూడుకుని వేలాడుతూ ఉంది. ఆమె వెనక్కి తిరగకుండా, తడిచేతులు అలాగే గాలిలో పట్టుకుని, కళ్లు మూసుకుని నిలబడింది.